ఇండీ రాక్: పుట్టుక, పెరుగుదల, దారి చూపిన ఆల్బమ్‌లు

ఇండీ రాక్ 1970ల చివర బ్రిటన్‌లోనూ, దాదాపు అదే కాలంలో అమెరికాలోనూ రూపుదిద్దుకున్న రాక్ సంగీత శాఖ. పెద్ద రికార్డు కంపెనీల గడప తొక్కకుండా, సొంత డబ్బుతోనో చిన్న లేబుళ్ల సాయంతోనో రికార్డులు తెచ్చుకున్న బృందాల సంగీతానికి ఈ పేరు స్థిరపడింది. ఇప్పుడు ఆ పేరు వినగానే తళుకుల్లేని గిటార్లు, గొంతు చించుకోని గాత్రం, సొంత బాధలు చెప్పుకునే పాటలు గుర్తొస్తాయి. కానీ ఈ శాఖను వినికిడిని బట్టి మాత్రమే నిర్వచించబోతే దారి తప్పుతాం. జాయ్ డివిజన్ చీకటికీ, హస్కర్ డూ హోరుకీ, బెల్ అండ్ సెబాస్టియన్ మెత్తదనానికీ పోలిక దాదాపు లేదు. రికార్డుకు డబ్బు ఎవరు పెట్టారు, దుకాణానికి ఎవరు చేర్చారు, హక్కులు ఎవరి దగ్గర ఉండిపోయాయి అనే ప్రశ్నలే వాటిని ఒక్కచోటికి తెస్తాయి. ఈ రంగంలో పేరున్న ఆల్బమ్‌లు అలాగే ఎందుకు వినిపిస్తాయో కూడా చాలాసార్లు ఆ జవాబుల్లోనే దొరుకుతుంది.

ముందటి జాడలు

ఈ వంశానికి మూలంగా ఎక్కువమంది చూపించే రికార్డు 'ద వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అండ్ నికో' (1967). ఆండీ వార్హోల్ అరటిపండు బొమ్మ అట్టతో వచ్చిన ఆ ఆల్బమ్ అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. మెంఫిస్ బృందం బిగ్ స్టార్ తొలి ఆల్బమ్ '#1 రికార్డ్' (1972) కథ ఇంకా బాధాకరం. విమర్శకులు మెచ్చుకున్నారు, కొనాలని వెళ్లినవాళ్లకు దుకాణాల్లో దొరకలేదు. పంపిణీ చేయాల్సిన కంపెనీ దగ్గరే పని కుంటుపడింది. పాట బాగుండటం ఒక ఎత్తు, అది జనానికి చేరడం మరో ఎత్తు అని తర్వాతి తరం గ్రహించడానికి ఇలాంటి అనుభవాలు చాలానే ఉన్నాయి.

బ్రిటన్: అప్పు తెచ్చి వేసిన రికార్డు

1976 డిసెంబరు 28న మాంచెస్టర్‌లో బజ్‌కాక్స్ అనే పంక్ బృందం ఒక స్టూడియోలోకి వెళ్లి ఒక్కరోజులో నాలుగు పాటలు రికార్డు చేసింది. ఖర్చు కోసం స్నేహితుల దగ్గర, ఇంట్లోవాళ్ల దగ్గర దాదాపు 500 పౌండ్లు అప్పు తెచ్చుకున్నారు. న్యూ హార్మోన్స్ అని తమ లేబుల్‌కు తామే పేరు పెట్టుకున్నారు. 1977 జనవరిలో 'స్పైరల్ స్క్రాచ్' పేరుతో 1,000 ప్రతులు వేయిస్తే అవి అయిపోయాయి. మళ్లీ మళ్లీ వేయించగా అమ్మకాలు 16,000 దాకా పోయాయి. ఏ పాటను ఎన్నో ప్రయత్నంలో రికార్డు చేశారో, దానికి తర్వాత ఏం జోడించారో అట్ట వెనక అచ్చు వేశారు. మరుసటి ఏడాది స్క్రిటీ పొలిటీ అనే లండన్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. స్టూడియోకు ఎంత, ప్రెస్సింగుకు ఎంత, లేబుల్ కాగితాలకు ఎంత అని తన తొలి సింగిల్ అట్ట మీద లెక్కంతా రాసి పెట్టింది. రికార్డు చేయడంలో మర్మమేమీ లేదని, ఎవరైనా చేయవచ్చని ఆ లెక్కలు చెప్పాయి. అంతకుముందు పెద్ద కంపెనీల నుంచి ఈ సమాచారం బయటికి వచ్చేది కాదు. ఇండీ రాక్ అసలు ప్రారంభం నా దృష్టిలో ఈ అట్టల మీదే ఉంది.

వేయించిన రికార్డు ఊరూరా చేరాలి కదా. 1976లో జెఫ్ ట్రావిస్ పశ్చిమ లండన్‌లో పెట్టిన రఫ్ ట్రేడ్ దుకాణం ఆ పనికి పూనుకుంది. 1978లో అదే పేరుతో లేబుల్ మొదలైంది. ఖర్చులు పోగా మిగిలిన లాభాన్ని లేబుల్, బృందం చెరి సగం పంచుకోవడం దాని పద్ధతి. బెల్‌ఫాస్ట్ బృందం స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ 1979లో ఈ లేబుల్ మీద తెచ్చిన 'ఇన్‌ఫ్లేమబుల్ మెటీరియల్' లక్ష ప్రతులకు పైగా అమ్ముడై జాతీయ పట్టికలో 14వ స్థానానికి వెళ్లింది. తర్వాత యార్క్‌లోని రెడ్ రైనో, లివర్‌పూల్‌లోని ప్రోబ్, బ్రిస్టల్‌లోని రివాల్వర్, నార్విచ్‌లోని బ్యాక్స్ వంటి సంస్థలతో కలిసి రఫ్ ట్రేడ్ 'కార్టెల్' అనే పంపిణీ కూటమిని ఏర్పాటు చేసింది. మాంచెస్టర్ బృందం రికార్డు పెద్ద కంపెనీల లారీ ఎక్కకుండానే నార్విచ్ కుర్రాడి చేతికి అందేది. బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ రాత్రిపూట నడిపిన కార్యక్రమం ఈ రికార్డులను దేశమంతా వినిపించింది. ఊరూపేరూ లేని బృందాలు పంపిన రికార్డులు కూడా ఆయన విని, నచ్చితే వేసేవారు.

1980 జనవరిలో ఇండీ రికార్డుల అమ్మకాల పట్టిక మొదలైంది. అందులో చోటు దక్కడానికి షరతు సంగీతానికి సంబంధించినది కాదు, పంపిణీకి సంబంధించినది. పెద్ద కంపెనీల యంత్రాంగం ద్వారా రాని రికార్డు ఏదైనా అర్హమే. అందువల్లే 1980ల చివర పీడబ్ల్యూఎల్ లేబుల్ మీద వచ్చిన కైలీ మినోగ్ డ్యాన్స్ పాటలు కూడా ఆ పట్టికలో కనిపించాయి.

ఈ కాలంలో వచ్చిన ఆల్బమ్‌లలో తలమానికం జాయ్ డివిజన్ 'అన్‌నోన్ ప్లెజర్స్' (1979). మాంచెస్టర్ టీవీ వ్యాఖ్యాత టోనీ విల్సన్, మిత్రులు పెట్టిన ఫ్యాక్టరీ రికార్డ్స్ దాన్ని తొలివిడతగా 10,000 ప్రతులు వేసింది. 'స్పైరల్ స్క్రాచ్'ను రికార్డు చేసిన మార్టిన్ హానెటే దీనికీ నిర్మాత. కచేరీల్లో రొదగా, వేగంగా వాయించే బృందాన్ని ఆయన స్టాక్‌పోర్ట్ స్టూడియోలో విడదీసి కూర్చోబెట్టాడు. డ్రమ్స్‌లో ఒక్కో వాయిద్యాన్ని విడిగా పట్టాడు. గాజు పగిలే చప్పుడు, లిఫ్టు మోత కలిపాడు. దాంతో పాటల మధ్య ఖాళీ చోటు కూడా ఒక వాయిద్యమైంది. బేస్ గిటారు పై స్వరాల్లో రాగం నడుపుతుంటే గిటారు వెనక్కి జరిగింది. ఈ అమరికను ఆ తర్వాత ఎన్ని బృందాలు తీసుకున్నాయో లెక్కలేదు. అట్ట మీద పీటర్ సవిల్ వాడిన తెల్ల గీతలు 1967లో కనుగొన్న తొలి పల్సార్ నక్షత్రపు రేడియో తరంగాల చిత్రం. గాయకుడు ఇయన్ కర్టిస్ 1980 మే 18న 23 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. రెండో ఆల్బమ్ 'క్లోజర్' రెండు నెలల తర్వాత వచ్చింది. మిగిలిన ముగ్గురు న్యూ ఆర్డర్ పేరుతో కొనసాగారు. ఫ్యాక్టరీ ఒప్పందం ప్రకారం పాటల హక్కులు సంగీతకారులవే. 1992లో ఆ సంస్థ దివాలా తీసినప్పుడు కొనడానికి వచ్చిన పెద్ద కంపెనీకి ఈ సంగతే అడ్డొచ్చింది.

రఫ్ ట్రేడ్‌కు పెద్ద విజయం తెచ్చింది ద స్మిత్స్. 1982లో మాంచెస్టర్‌లో జానీ మార్, మోరిసీ కలిసి ప్రారంభించిన ఈ బృందం ఐదేళ్లలో నాలుగు ఆల్బమ్‌లు చేసి విడిపోయింది. 'మీట్ ఈజ్ మర్డర్' (1985) బ్రిటిష్ పట్టికలో మొదటి స్థానంలోనూ, 'ద క్వీన్ ఈజ్ డెడ్' (1986) రెండో స్థానంలోనూ నిలిచాయి. గిటారు సోలోలతో గొప్ప చూపించుకునే అలవాటును మార్ వదిలేశాడు. మూడు నాలుగు గిటార్ల మీటులను ఒకదానిలో ఒకటి అల్లి, పాటంతా తీగల నేతగా మార్చాడు. సిగ్గు, ఒంటరితనం, పేదల పేటల జీవితం మోరిసీ పాటల్లో వేళాకోళంతో కలిసి వచ్చాయి. ఎన్ఎంఈ పత్రిక 1986లో 22 కొత్త బృందాల పాటలతో తెచ్చిన 'సీ86' క్యాసెట్ మీద స్మిత్స్ నీడ స్పష్టంగా కనిపిస్తుంది. సన్నని గిటారు, అమాయకపు గొంతు ఉన్న పాటంటే ఇండీ అనే ముద్ర బ్రిటన్‌లో ఆ క్యాసెట్‌తోనే బలపడింది.

భూగోళం అవతలి అంచున న్యూజిలాండ్‌లోనూ ఇదే జరిగింది. 1981లో క్రైస్ట్‌చర్చ్‌లో రోజర్ షెపర్డ్ ప్రారంభించిన ఫ్లయింగ్ నన్ లేబుల్ డునెడిన్ పట్టణపు బృందాలను బయటికి తెచ్చింది. ద క్లీన్ సింగిల్ 'టాలీ హో!' అతి తక్కువ ఖర్చుతో రికార్డయి ఆ దేశపు తొలి ఇరవైలో చేరింది. పదేళ్ల తర్వాత కాలిఫోర్నియాలో పేవ్‌మెంట్ వాయించిన తీరులో ఆ డునెడిన్ తీగల మోత వినిపిస్తుంది.

అమెరికా: వ్యాన్లు, కాలేజీ రేడియోలు

అమెరికా చాలా పెద్దది. అక్కడ జాన్ పీల్ లాంటి ఒక్క గొంతు దేశమంతా వినిపించే వీలు లేదు. ఆ పని విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు నడిపే చిన్న ఎఫ్ఎం కేంద్రాలు చేశాయి. ప్రకటనల ఒత్తిడి లేకపోవడంతో విద్యార్థులు తమకు నచ్చింది వేసేవారు. బృందాలు పాత వ్యాన్లలో వాయిద్యాలు వేసుకుని ఊరూరా తిరిగేవి, అభిమానుల ఇళ్లలో నేల మీద పడుకునేవి. కాలిఫోర్నియా బృందం బ్లాక్ ఫ్లాగ్, దాని గిటారిస్టు గ్రెగ్ గిన్ పెట్టిన ఎస్ఎస్‌టీ లేబుల్ ఈ దారిని తొక్కి చూపించాయి. రేడియో పరికరాల వ్యాపారం కోసం గిన్ కుర్రతనంలో పెట్టుకున్న పేరే ఆ లేబుల్‌కు వచ్చింది. వాషింగ్టన్‌లో ఇయన్ మకాయ్, జెఫ్ నెల్సన్ 1980లో డిస్కార్డ్ లేబుల్ ప్రారంభించారు. మకాయ్ తర్వాతి బృందం ఫుగాజీ టికెట్ ధరను చాలాకాలం 5 డాలర్లు దాటనివ్వలేదు.

1984 జులైలో ఎస్ఎస్‌టీ రెండు జంట ఆల్బమ్‌లు విడుదల చేసింది. మినియాపొలిస్ ముగ్గురి బృందం హస్కర్ డూ 'జెన్ ఆర్కేడ్' వాటిలో ఒకటి. ఇల్లు వదిలి వెళ్లిన కుర్రాడి కథను 23 పాటల్లో చెప్పిన ఆ రికార్డు 3,200 డాలర్లలో పూర్తయింది. పాటలన్నీ దాదాపు తొలి ప్రయత్నంలో పట్టినవే. పంక్ వేగంలో పియానో, అకూస్టిక్ గిటారు, వెనక్కి తిప్పిన టేపు ఎలా ఇముడుతాయో అది చూపింది. మొదట కొన్ని వేల ప్రతులే వేయడంతో కొన్నాళ్లపాటు దుకాణాల్లో దొరకలేదు. బిగ్ స్టార్‌కు పట్టిన గతే దీనికీ పట్టబోయింది గానీ, ఈసారి కాలేజీ రేడియోలు దాన్ని బతికించాయి. హస్కర్ డూ జంట ఆల్బమ్ వస్తోందని తెలిసి పోటీగా తమదీ జంటగా పెంచుకున్న మినట్‌మెన్ బృందం 'డబుల్ నికెల్స్ ఆన్ ద డైమ్' రెండోది. ఫంక్, జాజ్, కార్మిక రాజకీయాలు నిండిన నలభైకి పైగా చిన్న చిన్న పాటలు అందులో ఉన్నాయి. గాయకుడు డీ బూన్ మరుసటి ఏడాది డిసెంబరులో వ్యాన్ ప్రమాదంలో చనిపోవడంతో ఆ బృందం ఆగిపోయింది.

జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే విశ్వవిద్యాలయ పట్టణం నుంచి వచ్చిన ఆర్.ఇ.ఎం. దారి వేరు. వాళ్ల తొలి ఆల్బమ్ 'మర్మర్' (1983)లో మైకేల్ స్టైప్ మాటలు సగం అర్థం కావు, పీటర్ బక్ గిటారు అరవైల జానపద రాక్‌ను గుర్తుచేస్తుంది. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఊపేస్తున్న ఏడాది రోలింగ్ స్టోన్ పత్రిక 'మర్మర్'నే ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచింది. 1988లో వార్నర్‌తో ఒప్పందం చేసుకునే దాకా ప్రతి ఆల్బమ్‌కూ కాస్త కాస్తగా శ్రోతలను పెంచుకుంటూ వచ్చిన ఈ బృందం, చిన్న వేదికల నుంచి పెద్ద మైదానాలకు నడిచి వెళ్లవచ్చని నిరూపించింది.

1988లో వచ్చిన రెండు రికార్డుల గురించి విడిగా చెప్పాలి. న్యూయార్క్ బృందం సోనిక్ యూత్ గిటారు తీగలను మామూలు శ్రుతికి కాక, పాట పాటకూ వేరువేరు శ్రుతులకు బిగించేది, తీగల కింద స్క్రూడ్రైవర్లు, డ్రమ్ పుల్లలు దూర్చేది. ఆ ప్రయోగాలు 'డేడ్రీమ్ నేషన్'లో పాటలుగా కుదురుకున్నాయి. బోస్టన్ బృందం పిక్సీస్ 'సర్ఫర్ రోసా'ను బ్రిటిష్ లేబుల్ 4ఏడీ విడుదల చేసింది. దాన్ని రికార్డు చేసిన స్టీవ్ ఆల్బినీ రాయల్టీ వద్దని, 1,500 డాలర్ల కూలి మాత్రం తీసుకున్నాడు. గది ప్రతిధ్వనితో సహా పట్టిన ఆ డ్రమ్స్ మోతను ఆ తర్వాత ఎందరో కోరి వచ్చారు. చరణం గొణుగుడుగా, పల్లవి అరుపుగా సాగే పిక్సీస్ కట్టడం 'డూలిటిల్' (1989)లో ఇంకా పదునెక్కింది. తాను ఆ పద్ధతినే అనుసరించానని నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ బాహాటంగా ఒప్పుకున్నాడు.

1991

ఆ కర్ట్ కొబేన్ బృందం తొలి ఆల్బమ్ 'బ్లీచ్'ను సియాటిల్ లేబుల్ సబ్ పాప్ 1989లో విడుదల చేసింది. రికార్డింగ్ ఖర్చు 606 డాలర్లు. రెండో ఆల్బమ్ 'నెవర్‌మైండ్' 1991 సెప్టెంబరు 24న గెఫెన్ సంస్థకు చెందిన డీజీసీ ద్వారా వచ్చింది, మరుసటి జనవరిలో జాక్సన్ 'డేంజరస్'ను దించి అమెరికా పట్టికలో మొదటి స్థానంలో కూర్చుంది. పెద్ద కంపెనీలు చెక్కుబుక్కులు పట్టుకుని చిన్న పట్టణాలకు పరుగెత్తాయి. కొన్ని బృందాలు బాగుపడ్డాయి. ఎన్నో బృందాలు అడ్వాన్సు అప్పుల్లో కూరుకుపోయి ఒకటి రెండు ఆల్బమ్‌లతో మాయమయ్యాయి. అప్పటిదాకా కడుపు కట్టుకుని నిర్మించుకున్న ఏర్పాటుకు ఇంత దెబ్బ శత్రువుల వల్ల కూడా తగల్లేదు. బ్రిటన్‌లో రఫ్ ట్రేడ్ పంపిణీ సంస్థ అదే ఏడాది కుప్పకూలింది. దాని చేతిలో రికార్డులున్న చిన్న లేబుళ్లకు రావాల్సిన డబ్బు చిక్కుకుపోయింది.

ఆ ఏడాది నవంబరులోనే క్రియేషన్ లేబుల్ ద్వారా మై బ్లడీ వాలెంటైన్ 'లవ్‌లెస్' వచ్చింది. రెండేళ్లపాటు పదిహేనుకు పైగా స్టూడియోలు మారుతూ కెవిన్ షీల్డ్స్ దాన్ని చెక్కాడు. గిటారు ట్రెమొలో కమ్మీని చేతిలో పట్టుకునే తీగలు మీటడంతో స్వరాలు నిలకడ లేకుండా వంగుతూ, గాత్రాన్ని తమలో ముంచేస్తాయి. ఖర్చు రెండున్నర లక్షల పౌండ్లన్న మాట అప్పట్లో పాకింది, షీల్డ్స్ దాన్ని ఒప్పుకోలేదు. ఎంతైనా గానీ లేబుల్ నడ్డి మాత్రం విరిగింది. మరుసటి ఏడాది క్రియేషన్‌లో సగానికి కొంచెం తక్కువ వాటా సోనీ చేతికి వెళ్లింది, 1994లో ఒయేసిస్ అనే బృందంతో ఆ లేబుల్ లక్షలు గడించింది. ఇండీ అంటే పొదుపు మాత్రమే కాదని, ఒక మనిషి పిచ్చిని చివరిదాకా నమ్మడం కూడా అని 'లవ్‌లెస్' చెబుతుంది. ఏ పెద్ద కంపెనీ అయినా ఆరో నెలలోనే ఆ పని ఆపించి ఉండేది.

ఇంటి టేపు కాలం

1979లో జపాన్ సంస్థ టియాక్ తయారుచేసిన పోర్టాస్టూడియో అనే యంత్రం మామూలు క్యాసెట్ మీద నాలుగు వరసల్లో విడివిడిగా రికార్డు చేసుకునే వీలు కల్పించింది. క్యాసెట్ రెండు వైపులకూ కలిపి ఉండే నాలుగు ట్రాకులనూ అది ఒకే దిశలో వాడుకుంటుంది, టేపును రెట్టింపు వేగంతో నడుపుతుంది. పడకగది స్టూడియో అయింది. టేపు బుసబుసలు, డ్రమ్స్ పగిలిన చప్పుడు లోపాలుగా కాక ఆ సంగీతం ముఖకవళికలుగా మారాయి. ఒహాయో రాష్ట్రం డేటన్‌లో బడిపంతులుగా పనిచేసిన రాబర్ట్ పొలార్డ్ తన బృందం గైడెడ్ బై వాయిసెస్‌తో తెచ్చిన 'బీ థౌజండ్' (1994) ఈ పద్ధతికి మేలిమి ఉదాహరణ. నిమిషం, నిమిషంన్నర పాటలు ఇరవై ఉంటాయి, వరస మనసుకు పట్టేలోపు పాట అయిపోతుంది.

మ్యాటడార్ లేబుల్ ద్వారా 1992లో వచ్చిన పేవ్‌మెంట్ 'స్లాంటెడ్ అండ్ ఎన్‌చాంటెడ్' కాలిఫోర్నియా స్టాక్టన్ పట్టణంలో డ్రమ్మర్ గ్యారీ యంగ్ ఇంటి స్టూడియోలో తయారైంది. అదే లేబుల్ మీద మరుసటి ఏడాది లిజ్ ఫేర్ 'ఎగ్జైల్ ఇన్ గైవిల్' వచ్చింది. రోలింగ్ స్టోన్స్ బృందం జంట ఆల్బమ్‌కు జవాబుగా 18 పాటలు రాసి, మగవాళ్లతో నిండిన షికాగో ఇండీ సమాజాన్ని ఆమె నిలదీసింది. ఆ నిలదీత అవసరమైనదే. అమెరికాలోని ఒలింపియా పట్టణంలో బికినీ కిల్ వంటి బృందాలు 1991 నుంచి ఇదే పోరు సాగించాయి, స్లీటర్-కిన్నీ 'డిగ్ మీ అవుట్' (1997) ఆ పోరుకు సంగీతపరంగా పరాకాష్ఠ.

1990ల రెండో సగంలో గ్లాస్గో నుంచి బెల్ అండ్ సెబాస్టియన్ వచ్చింది. వాళ్ల తొలి ఆల్బమ్ 'టైగర్‌మిల్క్' (1996) స్టో కాలేజీ సంగీత వ్యాపార కోర్సులో భాగంగా 1,000 ప్రతులతోనే వెలువడింది. నార్త్ కరోలినా లేబుల్ మెర్జ్ 1998లో విడుదల చేసిన న్యూట్రల్ మిల్క్ హోటల్ 'ఇన్ ద ఏరోప్లేన్ ఓవర్ ద సీ' మీద ఆనీ ఫ్రాంక్ డైరీ ప్రభావం బలంగా ఉంది. బాకాలు, రంపపు సంగీతం, శ్రుతి మించే గొంతు కలిసిన ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ బృందం గాయకుడు జెఫ్ మాంగమ్ వేదికలకు దూరమైన ఏళ్లలో ఇంటర్నెట్ దాన్ని ఇంటింటికీ చేర్చింది.

ఆశా భోంస్లే పేరు మీద ఒక పాట

ఈ చరిత్రలో తెల్లవాళ్ల పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. ఆ మాట దాటవేయకూడదు. పంజాబీ కుటుంబంలో పుట్టిన జిందర్ సింగ్ 1991లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కార్నర్‌షాప్ బృందాన్ని మొదలుపెట్టాడు. మోరిసీ ఒక కచేరీలో బ్రిటిష్ జెండా కప్పుకున్న తీరుకు నిరసనగా 1992లో ఈ బృందం అతని ఫొటోను తగలబెట్టింది. 1997లో వాళ్లు చేసిన 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా' మన ఆశా భోంస్లేకూ, సినిమా పాటల చిన్న రికార్డులకూ ప్రేమతో పెట్టిన దండం. జాన్ పీల్ శ్రోతలు ఆ ఏటి మేటి పాటగా దాన్నే ఎన్నుకున్నారు, నార్మన్ కుక్ మార్చి కట్టిన రూపం 1998 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. బ్లాక్ పార్టీ 'సైలెంట్ అలార్మ్' (2005), టీవీ ఆన్ ద రేడియో 'రిటర్న్ టు కుకీ మౌంటెన్' (2006) వచ్చాక నల్లజాతి గాయకుల గొంతు ఈ శాఖలో ఇంకా గట్టిగా వినిపించింది. మన దేశంలో మాత్రం సినిమాకు బయట వచ్చే పాట ఏదైనా ఇండీయే. తెలుగువాళ్లు ఒకప్పుడు ప్రైవేటు పాటలు అన్న వాటిని ఇప్పుడు ఈ పేరుతో పిలుస్తున్నారు. దానికీ పైన చెప్పిన రాక్ శాఖకూ చుట్టరికం కొద్దిగానే ఉంది.

కొత్త శతాబ్దం

న్యూయార్క్ బృందం ద స్ట్రోక్స్ 'ఈజ్ దిస్ ఇట్' (2001) గిటారు సంగీతానికి మళ్లీ గిరాకీ తెచ్చింది. బ్రిటన్‌లో దాన్ని విడుదల చేసింది పునరుద్ధరించిన రఫ్ ట్రేడే. షికాగో బృందం విల్కో 'యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్'ను వార్నర్ గొడుగు కింది రిప్రైజ్ లేబుల్ వద్దంది. బృందం హక్కులు తీసుకుని 2001లో తన వెబ్‌సైట్‌లో ఉచితంగా వినిపించింది. అదే వార్నర్‌కు చెందిన నాన్‌సచ్ మరుసటి ఏడాది దాన్ని కొని విడుదల చేసింది. షెఫీల్డ్ కుర్రాళ్లు ఆర్కిటిక్ మంకీస్ కచేరీల్లో పంచిన డెమో సీడీలను అభిమానులు ఇంటర్నెట్‌లో పెట్టారు. 2006 జనవరిలో డొమినో లేబుల్ వాళ్ల తొలి ఆల్బమ్ తెస్తే మొదటి వారంలోనే 3,63,735 ప్రతులు అమ్ముడయ్యాయి, బ్రిటన్‌లో అప్పటికి ఏ తొలి ఆల్బమూ అంత వేగంగా పోలేదు.

మాంట్రియల్ బృందం ఆర్కేడ్ ఫైర్ 'ఫ్యునరల్' (2004) ఈ దశకు పతాక. రికార్డింగ్ రోజుల్లో సభ్యుల బంధువులు వరసగా చనిపోవడంతో ఆ పేరు వచ్చింది. వయొలిన్లు, అకార్డియన్, అందరూ కలిసి ఎత్తుకునే వంతలతో దుఃఖాన్ని ఊరేగింపులా మార్చింది. పిచ్‌ఫోర్క్ అనే వెబ్ పత్రిక 10కి 9.7 మార్కులు వేయడంతో మెర్జ్ దగ్గర ప్రతులు నిండుకున్నాయి. ఒకప్పుడు జాన్ పీల్ చేసిన పని ఇప్పుడు దశాంశాల్లోకి మారింది. దానివల్ల చిన్న బృందాలకు ఎంత మేలు జరిగిందో, తక్కువ అంకె పడిన బృందాలకు అంత నష్టమూ జరిగింది. ఆర్కేడ్ ఫైర్ 'ద సబర్బ్స్' 2011లో గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ అందుకుంది. విస్కాన్సిన్ అడవిలోని గుడిసెలో జస్టిన్ వెర్నన్ ఒంటరిగా రికార్డు చేసుకున్న బాన్ ఇవేర్ తొలి ఆల్బమ్ తర్వాత ఆ మెత్తని గొంతు అన్ని రకాల సంగీతంలోకీ పాకింది.

2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ బృందాలు శ్రోతలకు నేరుగా అమ్ముకునే వీలు కల్పించింది. విల్ టొలీడో కారు వెనక సీట్లో గొంతు రికార్డు చేసుకుని, కార్ సీట్ హెడ్‌రెస్ట్ పేరుతో అక్కడ వరసగా ఆల్బమ్‌లు పెట్టాడు. చివరికి మ్యాటడార్ పిలిచి 'టీన్స్ ఆఫ్ డినయల్' (2016) తెచ్చింది. అదే ఏడాది మిట్‌స్కీ 'ప్యూబర్టీ 2', తర్వాత ఫీబీ బ్రిడ్జర్స్ 'పనిషర్' (2020) వచ్చాయి. లిజ్ ఫేర్ కాలంలో మినహాయింపుగా ఉన్న ఆడవాళ్ల గొంతు ఇప్పుడు ఈ శాఖకు ప్రధాన స్వరం.

2024 మార్చిలో కెనడా సంగీతకారుడు ప్యాట్రిక్ ఫ్లెగెల్ సిండీ లీ పేరుతో 32 పాటల 'డైమండ్ జూబిలీ' విడుదల చేశాడు. రెండు గంటల ఆ ఆల్బమ్‌ను స్ట్రీమింగ్ వేదికలకు ఇవ్వలేదు. యూట్యూబ్‌లో ఒకే వీడియోగా ఉంచి, పాతకాలపు తీరులో ఉన్న ఒక వెబ్ పేజీ నుంచి దించుకోనిచ్చాడు, ఇష్టమున్నవాళ్లు 30 డాలర్లు పంపమన్నాడు. పిచ్‌ఫోర్క్ దానికి 9.1 ఇచ్చింది.